గుండె మందులూ, నరం ద్వారా ఇచ్చే పోషక ద్రావణమూ: ఒకే ల్యూమెన్‌లో కలిసి వెళ్లవచ్చా?

రాత్రి_డ్యూటీ

అందరికీ నమస్కారం. నేను ఇంటెన్సివ్ కేర్‌లో పనిచేసే నర్సును. ఒక రోగి విషయంలో నాకు కలిగిన సందేహాన్ని, ఆ మనిషిని గుర్తుపట్టగల వివరాలేవీ లేకుండా, ఇక్కడ ఉంచుతున్నాను.

పేగులో కొంత భాగం తీసివేసిన శస్త్రచికిత్స తర్వాత నోటి ద్వారా గాని, ట్యూబు ద్వారా గాని ఆహారం ఇవ్వడానికి వీలు లేని స్థితి. గుండె ముందునుంచీ బలహీనంగానే ఉంది. దానికి తోడు ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె లయ తప్పి కొట్టుకోవడం) మొదలైంది. మెడ దగ్గర మూడు ల్యూమెన్ల (లోపల వేరువేరుగా ఉండే దారుల) సెంట్రల్ లైను (గుండె దగ్గరి పెద్ద సిరలోకి వెళ్లే గొట్టం) ఉంది. చేతి మీద ఒకే ఒక్క కాన్యులా (సిరలో ఉంచే చిన్న గొట్టం) నిలిచింది. ఒక ల్యూమెన్‌లో గంటకు 80 మి.లీ. చొప్పున టీపీఎన్ (నరం ద్వారా ఇచ్చే పోషక ద్రావణం), రెండోదానిలో రక్తపోటును నిలబెట్టే నార్‌అడ్రినలిన్, మూడోదానిలో గుండె లయను సరిచేసే అమియోడరోన్ నడుస్తున్నాయి. చేతి కాన్యులాలో రక్తం గడ్డకట్టకుండా చూసే హెపారిన్ వెళుతోంది. నిన్న గుండెకు బలమిచ్చే డోబ్యుటమిన్ కొత్తగా మొదలుపెట్టినప్పుడు, నాకు ముందు డ్యూటీలో ఉన్నవారు దానిని టీపీఎన్ లైనుకు వై-సైట్ (రెండు గొట్టాలు కలిసే చోటు) దగ్గర తగిలించారు. ఎందుకని అడిగితే, ఏ మందు దేనితో పొసగుతుందో చెప్పే పట్టికలో ఆ రెండింటికీ ‘సి’ అని ఉందని, అంటే కలవవచ్చని చెప్పారు. ఇప్పుడు రోజుకు రెండుసార్లు, మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసే ఫ్యూరోసెమైడ్ కూడా రాశారు. అది కూడా అక్కడే ఇవ్వవచ్చా? అసలు డోబ్యుటమిన్‌ను అక్కడ ఉంచడం సరైనదేనా?

పీజీ_రెండో_ఏడు

సిస్టర్, నా అభిప్రాయంలో మీరు అవసరానికి మించి కంగారు పడుతున్నారు. టీపీఎన్‌లో ప్రధానంగా ఉండేది డెక్స్ట్రోజే (చక్కెరే). అమియోడరోన్‌ను మనం 5 శాతం డెక్స్ట్రోజ్‌లోనే కలుపుతాం, డోబ్యుటమిన్‌ను కూడా డెక్స్ట్రోజ్‌లో కలపవచ్చు. కాబట్టి డెక్స్ట్రోజ్ ఉన్న ద్రావణంతో ఇవి కలిస్తే నష్టమేమిటో నాకు అర్థం కాలేదు. పైగా పట్టికలో ‘సి’ అని ఉంది. ట్యూబులో తెల్లని ముక్కలు గాని, మబ్బు పట్టినట్టు గాని కనిపించనంతవరకు కొనసాగించవచ్చని అనుకుంటున్నాను.

ఫార్మసీ_కిటికీ

డాక్టరు గారూ, మీరు రాసినదానిలో మూడు చిక్కులున్నాయి. క్లినికల్ ఫార్మసిస్టుగా ఈ ప్రశ్నకు జవాబు చెప్పడమే నా పని కనుక కాస్త విపులంగా రాస్తాను, ఓపిక పట్టండి.

మొదటిది, టీపీఎన్ అంటే డెక్స్ట్రోజ్ సీసా కాదు. అందులో అమినో ఆమ్లాలు, సోడియం, పొటాషియం, కాల్షియం, మెగ్నీషియం, ఫాస్ఫేట్, విటమిన్లు, సూక్ష్మ లోహాలు అన్నీ ఒకే బ్యాగులో, ఒకదానినొకటి ఓర్చుకుంటూ ఉంటాయి. ఆ ఓర్పు చాలా సున్నితమైనది. కాల్షియం, ఫాస్ఫేట్ రెండూ ఒక పరిమితి వరకే కలిసి కరిగి ఉంటాయి. ద్రావణం పీహెచ్ (ఆమ్ల, క్షార స్వభావాల కొలత) పెరిగినా, వేడి పెరిగినా ఆ పరిమితి తగ్గిపోతుంది. కాల్షియంను క్లోరైడ్ రూపంలో కాకుండా గ్లూకోనేట్ రూపంలో కలపడం వెనుక ఉన్న కారణం కూడా ఇదే. మన చేతిలోని ఇంజెక్షన్లు ఒక్కొక్కటి తన పీహెచ్‌ను, తన ద్రావకాన్ని, తన నిల్వ రసాయనాలను వెంటబెట్టుకుని ఈ ద్రావణంలోకి దిగుతాయి. డెక్స్ట్రోజ్‌లో నిలిచిన మందు ఇన్నింటి మధ్య కూడా నిలుస్తుందని అనుకోవడానికి ఆధారం లేదు.

రెండవది, పట్టికలోని ‘సి’ అన్న అక్షరం. ఈ పట్టికలలో ఎక్కువ భాగానికి మూలం లారెన్స్ ట్రిసెల్ బృందం చేసిన రెండు పరీక్షలు. 1997లో కొవ్వు లేని టూ-ఇన్-వన్ ద్రావణాలతో 102 మందులను, 1999లో కొవ్వు కలిసిన త్రీ-ఇన్-వన్ మిశ్రమాలతో 106 మందులను వారు వై-సైట్ పరిస్థితిని అనుకరిస్తూ పరీక్షించారు. రెండవ పరీక్షలో తొమ్మిది రకాల మిశ్రమాలను తీసుకుని, 23 డిగ్రీల సెల్సియస్ దగ్గర నాలుగు గంటల పాటు గమనించారు. 106 మందులలో 23 మందులు కనీసం ఒక మిశ్రమంతోనైనా పొసగలేదు. ఇక్కడ గమనించవలసిన సంగతి ఏమిటంటే, వారు చూసింది ప్రధానంగా భౌతికమైన పొత్తును, అంటే అవక్షేపం ఏర్పడిందా, రంగు మారిందా, కొవ్వు విడిపోయిందా అన్నదానిని. మందు రసాయనికంగా చెడిందా లేదా అన్నది వేరే ప్రశ్న. అలాగే ‘సి’ అన్న తీర్పు వారు పరీక్షించిన గాఢతకే వర్తిస్తుంది. దీనికి మార్ఫిన్ కంటే మంచి ఉదాహరణ నాకు కనిపించదు: మి.లీ.కు 1 మి.గ్రా. గాఢతలో అది త్రీ-ఇన్-వన్‌తో పొసగింది, అదే మార్ఫిన్ మి.లీ.కు 15 మి.గ్రా. గాఢతలో పొసగలేదు. గుండె రోగులకు నీటి భారం తగ్గించాలని మనం మందులను రెట్టింపు, నాలుగింతలు గాఢంగా కలుపుతాం. అలా కలిపినప్పుడు పట్టికలోని అక్షరం మనకు వర్తించకుండా పోతుంది.

మూడవది, కంటి చూపు. మన కంటికి కనిపించే రేణువు దాదాపు 50 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు) ఉండాలి. ఊపిరితిత్తుల కేశనాళికల వెడల్పు 5 నుంచి 10 మైక్రాన్లే. కాబట్టి కంటికి ఆనకుండానే ఊపిరితిత్తులలో ఇరుక్కునే రేణువులు ఏర్పడడానికి కావలసినంత చోటుంది. 1994 ఏప్రిల్‌లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఒక హెచ్చరిక జారీ చేసింది. పోషక ద్రావణంలో ఏర్పడిన కాల్షియం ఫాస్ఫేట్ అవక్షేపం వల్లనని భావించిన రెండు మరణాలు, కనీసం రెండు ఊపిరి ఆడని సంఘటనలు దానికి కారణం. శవపరీక్షలలో ఊపిరితిత్తుల సూక్ష్మ రక్తనాళాలలో ఆ అవక్షేపమే కనిపించింది. టీపీఎన్ లైనుకు ఫిల్టర్ తప్పనిసరి అన్న మాట అప్పటినుంచే బలపడింది.

సిస్టర్, మీ బ్యాగు ఏ రకం? పసుపు పచ్చగా, పారదర్శకంగా ఉందా, పాలలా తెల్లగా ఉందా? ఫిల్టర్ ఎక్కడుంది? డోబ్యుటమిన్ ఆ ఫిల్టర్‌కు పైన కలుస్తోందా, కింద కలుస్తోందా?

రాత్రి_డ్యూటీ

పాలలా తెల్లగా ఉంది, త్రీ-ఇన్-వన్ అని లేబుల్ మీద ఉంది. 1.2 మైక్రాన్ల ఫిల్టర్ పెట్టారు. డోబ్యుటమిన్ ఆ ఫిల్టర్ దాటిన తర్వాత, రోగి వైపున ఉన్న త్రీ-వే (మూడు దారుల కుళాయి) దగ్గర కలుస్తోంది. మీరు అడిగేవరకు ఈ తేడా ముఖ్యమని నాకు తట్టలేదు.

ఫార్మసీ_కిటికీ

అయితే మీ ఫిల్టర్ బ్యాగులో ఏర్పడిన రేణువులను ఆపుతుంది గాని, మందు కలిసిన చోట ఏర్పడేవాటిని ఆపదు. ఆ చోటు దాటితే రోగి రక్తనాళమే. ఎగువన కలపడం మంచిదని నేను అనడం లేదు, ఎందుకంటే అక్కడ మందు పోషక ద్రావణంతో ఇంకా ఎక్కువసేపు కలిసి ప్రయాణిస్తుంది.

ఇక తెల్లని బ్యాగు సంగతి. అందులోని కొవ్వు బిందువుల సగటు పరిమాణం అర మైక్రాన్ కంటే తక్కువ. వాటి చుట్టూ ఉన్న ఫాస్ఫోలిపిడ్ పొర రుణావేశం కలిగి ఉండడం వల్ల ఒక బిందువు మరొక బిందువును దూరంగా నెడుతుంది. కాల్షియం, మెగ్నీషియం వంటి ద్విసంయోజక అయాన్లు, ఆమ్ల స్వభావం గల మందులు ఆ ఆవేశాన్ని చల్లార్చుతాయి. అప్పుడు బిందువులు దగ్గరికి చేరి పైకి మీగడలా తేలుతాయి. మెల్లగా తిరగేస్తే అంతవరకు సర్దుకుంటుంది. ఇంకా ముందుకు పోతే బిందువులు ఒకటైపోయి పసుపు నూనె చారలుగా విడిపోతాయి, దానికి తిరుగు లేదు. అమెరికా ఫార్మకోపియా ప్రమాణం ప్రకారం 5 మైక్రాన్లకు మించిన బిందువులలో ఉండే కొవ్వు మొత్తం కొవ్వులో 0.05 శాతం కంటే తక్కువ ఉండాలి. అంత సూక్ష్మమైన గీతను మంచం పక్కన నిలబడి ఎవరూ చూడలేరు. తెల్లని ద్రావణంలో తెల్లని అవక్షేపం కనిపించదన్నది దీనికి అదనం.

మీ జాబితాలోని మందులను, వాటితో పాటు సాధారణంగా అడిగే మరికొన్నింటిని ఇప్పుడు చూద్దాం.

హెపారిన్‌ను ఆ లైను దరిదాపులకు తేవద్దు. టూ-ఇన్-వన్‌తో అది పొసగుతుంది, కాని త్రీ-ఇన్-వన్‌తో మి.లీ.కు 100 యూనిట్ల గాఢతలో కొవ్వును విడగొడుతుంది. రుణావేశం గల హెపారిన్‌కూ కొవ్వు బిందువుకూ మధ్య కాల్షియం వంతెనలా నిలుస్తుంది. నిరంతర హెపారిన్ గురించి అందరూ జాగ్రత్త పడతారు గాని, ల్యూమెన్ మూసుకుపోకుండా చివరలో వేసే హెపారిన్ లాక్‌ను మరచిపోతారు. టీపీఎన్ ఆపి, సెలైన్‌తో బాగా ఫ్లష్ చేయకుండా హెపారిన్ వేస్తే రెండూ కాథెటర్ లోపలే కలుసుకుంటాయి.

డోపమిన్, డోబ్యుటమిన్ పేర్లు అన్నదమ్ములలా వినిపిస్తాయి, వాటి తీర్పులు మాత్రం వేరు. టూ-ఇన్-వన్‌తో డోపమిన్ పొసగింది, త్రీ-ఇన్-వన్ మిశ్రమాలలో కొన్నింటితో పొసగలేదు. డోబ్యుటమిన్ రెండింటితోనూ పొసగింది. కాబట్టి మీ ముందు డ్యూటీవారు పట్టికను తప్పుగా చదవలేదు, కాకపోతే వారు చదివినది మొత్తం సమాధానంలో ఒక భాగమే.

ఫ్యూరోసెమైడ్ ఇంజెక్షన్ క్షార స్వభావం కలది, పీహెచ్ 8కి పైన ఉంటుంది. పరిసరం ఆమ్లంగా మారితే అది కరిగి ఉండలేక స్ఫటికాలుగా బయటపడుతుంది. త్రీ-ఇన్-వన్‌తో దాని ఫలితం పరవాలేదు, టూ-ఇన్-వన్‌తో వచ్చిన ఫలితాలు ఒకదానితో ఒకటి ఏకీభవించవు. అయితే మీ లైనులో ఇప్పటికే ఆమ్ల స్వభావం గల డోబ్యుటమిన్ పారుతోంది, ఆ రెండింటికీ పడదు. గుండెకు బలమిచ్చే మరో మందు మిల్రినోన్ నడుస్తున్న లైనులో ఫ్యూరోసెమైడ్ ఇస్తే వెంటనే అవక్షేపం వస్తుందని మిల్రినోన్ తయారీ సమాచారంలోనే హెచ్చరిక ఉంటుంది. కాబట్టి ఆ త్రీ-వే దగ్గర ఫ్యూరోసెమైడ్ ఇవ్వవద్దు.

అమియోడరోన్‌ను టీపీఎన్‌తో కలపకండి. దాని మామూలు ఇంజెక్షన్‌లో మందును కరిగించి ఉంచడానికి పాలీసార్బేట్ 80, బెంజైల్ ఆల్కహాల్ ఉంటాయి. పీహెచ్ సుమారు 4. సోడియం బైకార్బొనేట్, హెపారిన్, అమైనోఫిల్లిన్‌లతో అవక్షేపం వస్తుందని దాని లేబుల్ చెబుతుంది. ఆ పాలీసార్బేట్ పీవీసీ (ఒక రకం ప్లాస్టిక్) గొట్టంలోని ప్లాస్టిసైజర్‌ను, అంటే దానిని మెత్తగా ఉంచే రసాయనాన్ని కూడా బయటికి లాగుతుంది. ఇంత చపలమైన మందుకు విడి ల్యూమెన్ ఇవ్వడమే మేలు, మీరు ఇప్పటికే ఇచ్చారు.

రక్తనాళాలను సడలించే నైట్రోగ్లిజరిన్, గుండె వేగాన్ని తగ్గించే డిగాక్సిన్ రెండు రకాల బ్యాగులతోనూ పొసగిన మందులు. అయినా నైట్రోగ్లిజరిన్‌లో 40 నుంచి 80 శాతం వరకు మామూలు పీవీసీ గొట్టమే పీల్చుకోగలదు. టీపీఎన్ సెట్టు పీవీసీదైతే, రోగికి చేరుతున్న మోతాదు పంపు మీద కనిపించే అంకె కంటే తక్కువ కావచ్చు.

పీజీ_రెండో_ఏడు

డెక్స్ట్రోజ్ విషయంలో నా వాదన తప్పని ఒప్పుకుంటున్నాను. హెపారిన్ సంగతి నాకు నిజంగా తెలియదు. కాని మీ లెక్క ప్రకారం కూడా డోబ్యుటమిన్ త్రీ-ఇన్-వన్‌తో పొసగుతుంది కదా. గాఢత పరీక్షించిన స్థాయిలోనే ఉంటే, దానిని అక్కడే వదిలేయడానికి అడ్డేమిటి?

పంపుల_మనిషి

నేను డాక్టరును కాను, ఇన్ఫ్యూజన్ పంపులను సరిచూసే పనిలో ఉన్నాను. ఈ ప్రశ్నకు జవాబు రసాయన శాస్త్రంలో కాకుండా కూడికలు, భాగహారాలలో ఉందని నాకు అనిపిస్తోంది.

టీపీఎన్ గంటకు 80 మి.లీ., డోబ్యుటమిన్ గంటకు 4 మి.లీ. అనుకుందాం. త్రీ-వే నుంచి కాథెటర్ కొన వరకు, రెండూ కలిసి ప్రయాణించే భాగంలో 1 మి.లీ. ద్రవం పడుతుందనుకుందాం. రెండూ నడుస్తున్నంతసేపు గంటకు 84 మి.లీ. వేగంతో ఆ ఒక్క మి.లీ. దాదాపు 43 సెకన్లలో దాటిపోతుంది, ఇబ్బంది లేదు. ఇప్పుడు బ్యాగు మార్చడానికి టీపీఎన్ పంపు ఆపారు. ఆ భాగంలో నిలిచిన మిశ్రమంలో డోబ్యుటమిన్ వాటా 84లో 4, అంటే 21వ వంతు. వెనుకనుంచి నెట్టేది గంటకు 4 మి.లీ. మాత్రమే కనుక ఆ మిశ్రమం ఖాళీ కావడానికి 15 నిమిషాలు పడుతుంది. ఆ 15 నిమిషాలూ రోగికి చేరే డోబ్యుటమిన్ అనుకున్న దానిలో 21వ వంతు. పంపు తెర మీద మాత్రం 4 అనే అంకె నిశ్చింతగా వెలుగుతూనే ఉంటుంది.

తర్వాత కొత్త బ్యాగు తగిలించి టీపీఎన్ మొదలుపెడతారు. అప్పటికి ఆ భాగం నిండా ఉన్నది అచ్చమైన డోబ్యుటమిన్. 15 నిమిషాల మందు 43 సెకన్లలో లోపలికి తోసుకుపోతుంది, అంటే అనుకున్న వేగానికి 21 రెట్లు. రక్తపోటు ముందు ఎందుకు పడిపోయిందో, ఆ తర్వాత గుండె ఎందుకు పరుగెత్తిందో ఎవరికీ అర్థం కాక మా పంపును పక్కన పెట్టి, చెడిపోయిందని చీటీ రాస్తారు. అలాంటి చీటీలతో వచ్చిన పంపులను పరీక్షిస్తే నాకు ఏ లోపమూ దొరకని సందర్భాలు ఉన్నాయి.

మత్తు_మాస్టారు

పంపుల మనిషి గారు రాసినది మా పీజీ తరగతిలో బోర్డు మీద వేయవలసిన లెక్క. అనస్థీషియా, ఇంటెన్సివ్ కేర్ రెండూ చూసే వైద్యుడిగా నా నియమం చాలా కాలంగా ఇదే: రక్తపోటును నిమిష నిమిషానికి నిలబెడుతున్న మందు ఏదైనా, పట్టికలో దానికి ఏ అక్షరం ఉన్నా, టీపీఎన్ లైనులో ఉండకూడదు. టీపీఎన్ వేగం మారుతుంది, బ్యాగు మారుతుంది, చక్కెర పడిపోతే ఎవరో ఒకరు ఆపుతారు. ఈ మార్పుల కుదుపు గుండె మందుకు తగలకూడదు. తిరగేసి చూసినా అంతే. డోబ్యుటమిన్ మోతాదు పెంచిన ప్రతిసారీ త్రీ-వే తిప్పుతూ ఉంటే టీపీఎన్ లైను శుభ్రత దెబ్బతింటుంది. పోషక ద్రావణం సూక్ష్మజీవులకు కూడా పోషకమే కదా.

సిస్టర్ అడిగిన రోగికి నేనైతే ఇలా సర్దుతాను. టీపీఎన్‌కు ఒక ల్యూమెన్ పూర్తిగా వదిలేస్తాను. నార్‌అడ్రినలిన్, డోబ్యుటమిన్ రెండూ ఆమ్ల స్వభావం గలవే, నెమ్మదిగా నడిచేవే, వై-సైట్ దగ్గర పొసగేవే కనుక వాటిని రెండో ల్యూమెన్‌లో కలుపుతాను. మీరు వాడుతున్న గాఢతలు మాత్రం ముందు ఫార్మసీతో సరిచూసుకోండి. మూడోది అమియోడరోన్‌ది. ఫ్యూరోసెమైడ్‌కు సెంట్రల్ లైను అవసరమే లేదు, చేతి కాన్యులా చాలు. అక్కడ హెపారిన్ నడుస్తోంది కనుక రెండో కాన్యులా కోసం అల్ట్రాసౌండ్ సాయంతో ఒకసారి గట్టిగా ప్రయత్నించాలి. చాలామంది రోగులలో దొరకని నరం అల్ట్రాసౌండ్‌కు దొరుకుతుంది.

గుండె ఆగిపోయిన క్షణంలో దగ్గరగా ఉందని టీపీఎన్ లైనులోకే సోడియం బైకార్బొనేట్ తోయడం నేను చూశాను. బ్యాగులో కాల్షియం ఉంటుంది, కార్బొనేట్ తగిలితే సున్నపు పొడిలా అవక్షేపిస్తుంది. అలాంటప్పుడు చేయవలసిన మొదటి పని టీపీఎన్ ఆపి విడదీయడం. రోగికి ఇన్సులిన్ పంపు నడుస్తూ ఉంటే దానిని కూడా ఆపాలి, లేకపోతే గుండె తిరిగి కొట్టుకున్న కాసేపటికి చక్కెర పడిపోతుంది.

ఇంకొక మాట. కొన్ని మందులు తామే కొవ్వు ఎమల్షన్లు. మత్తుమందు ప్రొపొఫాల్‌లో మి.లీ.కు 1.1 కిలో కేలరీ ఉంటుంది, రక్తపోటు తగ్గించే క్లెవిడిపిన్‌లో మి.లీ.కు 2 కిలో కేలరీలు. ఇవి నడుస్తున్న రోగికి టీపీఎన్‌లోని కొవ్వు తగ్గించవలసి ఉంటుంది.

పసిగుడ్డుల_వార్డు

మీ అందరి మాటా బాగానే ఉంది, కాని మా దగ్గర మూడు ల్యూమెన్లు అనేది ఊహకు కూడా అందదు. కిలో బరువున్న శిశువుకు బొడ్డు సిరలో రెండు ల్యూమెన్లు ఉంటే అదృష్టం, చేతినుంచి వెళ్లే సన్నని లైనులో ఒకటే ఉంటుంది. పుట్టుకతో గుండె జబ్బు ఉండి, డక్టస్ (పుట్టుకకు ముందు గుండె దగ్గర తెరిచి ఉండే రక్తనాళం) మూసుకుపోకుండా ఉంచడానికి ఆల్‌ప్రోస్టాడిల్ నడుస్తున్న బిడ్డకు ఆ మందు కొద్ది నిమిషాలు ఆగినా రంగు మారిపోతుంది. అదే బిడ్డకు డోపమిన్ కావాలి, టీపీఎన్ కావాలి. టీపీఎన్‌కు ఒక ల్యూమెన్ పూర్తిగా వదిలేయమని చెప్పడం సులువే. మేము ఏం చేయాలి?

ఫార్మసీ_కిటికీ

మీ కష్టం నిజమైనదే, పెద్దల నియమాన్ని మీకు అలాగే అంటగట్టడం సరికాదు. మీకు ఒక అనుకూలత, ఒక ప్రతికూలత ఉన్నాయి. శిశువులకు సాధారణంగా టూ-ఇన్-వన్ బ్యాగు వేరుగా, కొవ్వు సిరంజి వేరుగా ఉంటాయి. డోపమిన్ టూ-ఇన్-వన్‌తో పొసగుతుంది కదా అని ఎగువన కలిపితే, దిగువన కొవ్వు వచ్చి చేరేసరికి అది మూడు దారుల కూడలి అవుతుంది. పట్టికలు జంటలను పరీక్షిస్తాయి గాని ముగ్గురిని కలిపి కాదు. శిశువుల బ్యాగులో తరచుగా కొద్దిపాటి హెపారిన్ కూడా ఉంటుంది, కాల్షియం సమక్షంలో అది కొవ్వుతో కలిసే చోటు ఎంత దిగువన ఉంటే అంత మంచిది. తప్పనిసరై మందును టీపీఎన్‌తో పంపవలసి వస్తే, ఆ బిడ్డ బ్యాగు కూర్పును, మందు గాఢతను, రెండు వేగాలను మీ ఫార్మసిస్టు ముందు పెట్టి ఆ ఒక్క బిడ్డకు మాత్రమే వర్తించే నిర్ణయంగా రాయించుకోండి. మరునాడు బ్యాగులో కాల్షియం మారితే నిర్ణయాన్ని మళ్లీ చూడాలి. ఆల్‌ప్రోస్టాడిల్‌ను మాత్రం వేగం మారే ఏ లైనులోనూ పెట్టకండి. పంపుల మనిషి గారి లెక్కలో గంటకు 4 మి.లీ. బదులు 0.3 మి.లీ. వేసి చూస్తే ఎందుకో తెలుస్తుంది.

పంపుల_మనిషి

వేసి చూశాను. 1 మి.లీ. భాగం ఖాళీ కావడానికి 3 గంటల 20 నిమిషాలు. శిశువుల గొట్టాలు ఇంకా సన్నవి, వాటిలో పట్టేది కాలు మి.లీ. అనుకున్నా 50 నిమిషాలు.

పోషణ_లెక్కలు

డైటీషియన్‌ని, కొంచెం ఆలస్యంగా చేరుతున్నాను. గొట్టంలో పొసగడం గురించి చాలా చక్కగా చర్చించారు. గొట్టంలో ఎన్నడూ కలవకపోయినా రోగి శరీరంలో కలిసే జంటలు కొన్ని ఉన్నాయి. వాటిని కూడా ఇక్కడే ప్రస్తావించడం అవసరమనిపించింది.

చాలా రోజులు ఆహారం లేని మనిషికి డెక్స్ట్రోజ్ మొదలుపెట్టగానే ఇన్సులిన్ పెరిగి పొటాషియం, ఫాస్ఫేట్, మెగ్నీషియం కణాలలోకి దూరిపోతాయి. మొదటి కొన్ని రోజులలో వచ్చే ఈ రీఫీడింగ్ స్థితిలో రక్తంలో అవి పడిపోతాయి. అదే సమయంలో ఫ్యూరోసెమైడ్ పొటాషియాన్ని, మెగ్నీషియాన్ని మూత్రంలోకి పంపుతూ ఉంటుంది. పొటాషియం తగ్గిన గుండె మీద డిగాక్సిన్ విషంలా పనిచేస్తుంది. పొటాషియం, మెగ్నీషియం తగ్గిన గుండెకు అమియోడరోన్ ఇస్తే క్యూటీ (ఈసీజీలో కొలిచే ఒక వ్యవధి) పొడవై ప్రాణాంతక లయలు రావచ్చు. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ మందులకు లొంగడం లేదని మోతాదు పెంచే ముందు, టీపీఎన్ మొదలై ఎన్ని రోజులైందో చూడమని నేను రౌండ్లలో పదే పదే అడుగుతుంటాను. ఫాస్ఫేట్ పడిపోయినప్పుడు పొటాషియం ఫాస్ఫేట్‌ను హడావిడిగా టీపీఎన్ వై-సైట్ దగ్గర ఇవ్వకూడదు. ట్రిసెల్ బృందం పరీక్షలలో అది ఏ రకం బ్యాగుతోనూ పొసగని మందే.

థయమిన్‌ను (విటమిన్ బి1ను) కూడా మరచిపోవద్దు. 1997లో అమెరికాలో టీపీఎన్‌లో కలిపే మల్టీవిటమిన్‌కు కొరత వచ్చినప్పుడు, థయమిన్ లేని బ్యాగులు ఎక్కించుకున్న రోగులలో లాక్టిక్ ఆసిడోసిస్ (రక్తంలో లాక్టిక్ ఆమ్లం పేరుకుపోవడం) కేసులు నమోదయ్యాయి. ఫ్యూరోసెమైడ్ థయమిన్‌ను మూత్రంలో పోగొడుతుంది కనుక, బలహీన గుండె గల రోగికి విటమిన్ లేని బ్యాగు మరింత ప్రమాదం. థయమిన్ లోపమే గుండెను చతికిలబెట్టగలదు.

గుండె కవాటం మార్చుకుని, రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ (విటమిన్ కె దీని పనికి అడ్డు) వాడుతున్నవారి విషయంలో, పెద్దల మల్టీవిటమిన్ ఒక మోతాదులో 150 మైక్రోగ్రాముల విటమిన్ కె ఉంటుందని, సోయా నూనె ఎమల్షన్‌లో కూడా కొంత ఉంటుందని గుర్తుంచుకోవాలి. టీపీఎన్ ఆపిన రోజు ఆ విటమిన్ కె ఆగిపోతుంది; ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయపు కొలత) ఆ తర్వాతి రోజులలో పెరగవచ్చు.

పీజీ_రెండో_ఏడు

చివరి సందేహం. ఇన్ని లైన్ల గొడవ లేకుండా, డోబ్యుటమిన్‌ను గాని డిగాక్సిన్‌ను గాని బ్యాగులోనే కలిపేయమని ఫార్మసీని అడిగితే?

ఫార్మసీ_కిటికీ

వద్దు. బ్యాగులో కలిపిన మందు 24 గంటలు ఆ మిశ్రమంతో కాపురం చేయాలి. వై-సైట్ పరీక్షలు నాలుగు గంటలకు మించి ఏమీ చెప్పవు. రక్తపోటు మారిన ప్రతిసారీ మీరు డోబ్యుటమిన్‌తో పాటు చక్కెరను, పొటాషియాన్ని కూడా పెంచుతూ తగ్గిస్తూ పోవాలి. మధ్యలో మందు ఆపవలసి వస్తే బ్యాగు మొత్తం పారేయాలి. రెగ్యులర్ ఇన్సులిన్, కడుపులో ఆమ్లం తగ్గించే ఫామోటిడిన్ వంటి కొద్ది మందులకే బ్యాగులో చోటుంది.

రాత్రి_డ్యూటీ

అందరికీ కృతజ్ఞతలు. ఈ చర్చను మా డ్యూటీ డాక్టరు గారికి, ఫార్మసిస్టు గారికి చూపించాను. నార్‌అడ్రినలిన్ ల్యూమెన్‌కు డోబ్యుటమిన్‌ను మార్చాలని వారిద్దరూ నిర్ణయించారు. మార్చేటప్పుడు మందు ఆగకుండా, కొత్త సిరంజిని రెండో ల్యూమెన్‌లో మొదలుపెట్టి, రక్తపోటు కుదిరాక పాతదానిని ఆపాము. టీపీఎన్ ల్యూమెన్‌లో మిగిలిన డోబ్యుటమిన్‌ను ముందుకు తోయకుండా, వెనక్కి లాగి పారేసి, ఆ తర్వాతే సెలైన్‌తో ఫ్లష్ చేశాము. మత్తు మాస్టారు గారు చెప్పినట్టు అల్ట్రాసౌండ్‌తో ముంజేతిలో ఇంకొక కాన్యులా దొరికింది, ఫ్యూరోసెమైడ్ అందులో ఇస్తున్నాం.

ఒక సంగతి ఇంకా తొలుస్తోంది. డోబ్యుటమిన్ మొదలుపెట్టకముందు, మొన్న రాత్రి, టీపీఎన్ పంపు రెండుసార్లు అడ్డంకి అలారం ఇచ్చింది. ఫిల్టర్ మార్చగానే ఆగిపోయిందని కేస్ షీటులో ఉంది. దానికి అర్థమేమిటి?

ఫార్మసీ_కిటికీ

ఫిల్టర్ తీసేసి నడపలేదు, అంతవరకు మంచి పని చేశారు. చాలాచోట్ల అలారం మోగితే ఫిల్టర్‌ను తప్పించి నేరుగా తగిలిస్తారు, అది పొగ వస్తోందని కిటికీ మూసినట్టు ఉంటుంది. అయితే ఫిల్టర్ మూసుకుపోవడానికి బ్యాగులోనే ఏదో ఏర్పడిందన్నది మొదటి అనుమానం కావాలి. పాత ఫిల్టర్‌ను, మిగిలిన బ్యాగును పారేయకుండా ఉంటే ఈ రోజే ఫార్మసీకి పంపండి. ఆ రోజు కాల్షియం, ఫాస్ఫేట్ ఎంతెంత కలిపారో, ఏది ముందు కలిపారో వారు తిరిగి చూస్తారు. గంటకు 80 మి.లీ. లెక్కన ఆ బ్యాగు ఇంకా నడుస్తూ ఉంటే, దానిని ఇప్పుడే ఆపి, చక్కెర చూసి, కొత్త బ్యాగు వచ్చేవరకు డెక్స్ట్రోజ్ పెట్టించుకోవడానికి డాక్టరు గారిని అడగండి.

రాత్రి_డ్యూటీ

ఆ బ్యాగు నిన్న సాయంత్రమే అయిపోయింది, కాని ఫిల్టర్ ఇంకా ట్రేలోనే ఉంది. కవరులో వేసి, తేదీ, సమయం రాసి పంపుతున్నాను.